ఒక్క చెట్టుకే చోటున్న పెరట్లో ఏది నాటాలి?

కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు గానీ, అన్నదమ్ములు పాత ఇల్లు పంచుకుని మధ్యలో గోడ లేపుకున్నప్పుడు గానీ వెనక వైపు కొంచెం నేల మిగులుతుంది. ఈ రోజుల్లో పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు మిగిలితే గొప్పే. అందులో ఒక్క చెట్టు పడుతుంది. ఏ చెట్టు అనగానే ఇంట్లో తలా ఒక మాట. నాయనమ్మకు ఉసిరి కావాలి, కార్తీకంలో దీపం పెట్టుకోవడానికి. పిల్లలకు జామ కావాలి. ఇంటాయనకు తాతల ఊళ్లో తిన్న బంగినపల్లి కావాలి. వంటింట్లో ఉండేవాళ్లు మాత్రం, "రోజూ చేతికందేలా నాలుగు రెమ్మల కరివేపాకు ఉంటే చాలు" అంటారు.

మన పాఠకులు ఉన్న చోట్లు ఒకదానికొకటి పోలిక లేనివి. బళ్లారి, షోలాపూర్ నల్లరేగడి నేలలు. కోలారు, హోసూరు, కృష్ణగిరి ఎర్ర నేలలు. బరంపురం, యానాం తుఫాను దారిలో ఉన్న తీరం. సిరొంచ ప్రాణహిత ఒడ్డు. కాబట్టి అందరికీ ఒకే చెట్టు చెప్పడం కుదరదు. మనకు ఇష్టమైన చెట్టు ఒకటి, మన నేలకు ఇష్టమైన చెట్టు ఇంకొకటి కావచ్చు. రెండూ కలిసే చోట ఉన్నదాన్ని ఎంచుకోవాలి. చిన్న పెరడున్న ఇళ్లలో ఎక్కువ వాటికి అది కరివేప అనీ, ఇంకాస్త చోటుంటే మునగ అనీ మా అభిప్రాయం. మామిడి, ఉసిరి, కొబ్బరి కోరుకునేవాళ్లు వాటి సంగతి కూడా తెలుసుకుని నిర్ణయించుకుంటే మంచిది.

నాటే ముందే కొట్టే సంగతి

చెట్టు తప్పు చోట పడిందని మొదటి ఏడాది తెలియదు. పది పన్నెండేళ్ల తర్వాత తెలుస్తుంది. ప్రహరీ గోడ బీట ఇస్తుంది, కొమ్మ విరిగి పక్కింటి రేకుల మీద పడుతుంది, రాలిన ఆకు డాబా మీద నీళ్లు పోయే గొట్టానికి అడ్డం పడుతుంది. అప్పటికి చెట్టు మంచి కాపులో ఉంటుంది. కొట్టడానికి మనసొప్పదు, ఉంచడానికి గోడ ఒప్పదు. ఇరుగు పొరుగుతో మాటలు తెగిపోయిన ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి, కారణం చూస్తే ఒక వేప కొమ్మ.

పైగా సొంత పెరట్లోదైనా, కొట్టడం పూర్తిగా మన చేతిలో లేదు. మహారాష్ట్రలో పట్టణ ప్రాంతాల చెట్ల రక్షణకు 1975 నుంచే ఒక చట్టం ఉంది. దాని ప్రకారం పురపాలక పరిధిలో సొంత స్థలంలోని చెట్టు తీయాలన్నా వృక్ష ప్రాధికరణ అనుమతి కావాలి. కర్ణాటకలో 1976 నాటి చట్టం కూడా అదే చెబుతుంది. కొబ్బరి, సరుగుడు, నీలగిరి లాంటి కొన్ని జాతులకు అక్కడ మినహాయింపు ఉంది. అందుకని, పెద్ద చెట్టు నాటేవాళ్లు అది తమ తర్వాత తరం దాకా అక్కడే ఉంటుందనుకుని నాటాలి.

గోడకు ఎంత దూరం అంటే మేము చెప్పే లెక్క ఇది. మామిడి, వేప, పనస అయితే పదిహేను నుంచి ఇరవై అడుగులు. ఉసిరి, సపోటా పన్నెండు అడుగులకు తగ్గకూడదు. జామ, నిమ్మ, మునగలకు ఆరేడు అడుగులు సరిపోతాయి. కరివేప మూడు నాలుగు అడుగుల్లో కూడా సర్దుకుంటుంది. వేరు తడిని వెతుక్కుంటూ పోతుంది కాబట్టి కారుతున్న సంపు, పగిలిన సెప్టిక్ ట్యాంకు ఉంటే ముందు వాటిని బాగు చేయించాలి. పైన కరెంటు తీగలు ఎటు పోతున్నాయో కూడా తల పైకెత్తి చూడాలి. మొక్క తెచ్చే రోజు ఈ పని చేసేవాళ్లు తక్కువ.

చెట్టును పడమర వైపు పెడితే ఎండాకాలం మధ్యాహ్నం ఎండ గోడకు తగలదు. బళ్లారి, షోలాపూర్ లాంటి చోట్ల ఇది కాయల కంటే ఎక్కువ లాభం.

కరివేప

బజారులో కూరగాయలు కొంటే కొసరుగా వేసే ఆకును పెరట్లో పెంచడం ఎందుకని కొందరు అడుగుతారు. కారణం మందులు. అమ్మకానికి పెంచే కరివేపాకు తోటల్లో పురుగుమందు బాగా కొడతారు. పచ్చి ఆకు మనం తొక్క తీసుకుని తినేది కాదు, ఉడికించి పారేసేదీ కాదు. ఐరోపా సంఘం మన దేశం నుంచి వచ్చే కరివేపాకుకు మందుల అవశేషాల తనిఖీ ప్రత్యేకంగా పెట్టింది. ఇంట్లో రోజూ వాడే ఆకు మందు లేకుండా దొరకాలంటే పెంచుకోవడమే దారి. పొడి చేసుకున్నా, పచ్చడి చేసుకున్నా గుప్పెళ్ల కొద్దీ పడుతుంది కాబట్టి ఈ మాట ఇంకా ముఖ్యం.

ఈ చెట్టు పేరులో మన తీరం కథ కొంచెం ఉంది. శాస్త్రీయ నామంలో వచ్చే 'కోనిగీ' అన్న మాట యోహాన్ గేర్‌హార్డ్ కోనిగ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడిది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయన తమిళనాడు తీరాన తరంగంబాడిలో పనిచేశాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. యానాం వాళ్లకు అది పక్క ఊరు.

కరివేప మొదటి ఏడాది ఏడిపిస్తుంది. పెరుగుతున్నట్టే కనిపించదు. విసుగొచ్చి ఆకు తెంపడం మొదలుపెడితే ఇక లేవదు. మొదటి ఏడాది ఒక్క రెమ్మ కూడా ముట్టుకోవద్దు. మొక్క మూడడుగులు పెరిగాక తల తుంచితే పక్క కొమ్మలు అయిదారు వస్తాయి. ఆ తర్వాత ఆకు కోసేటప్పుడు రెమ్మలు ఒక్కొక్కటే లాగకుండా కొమ్మ చివర్లను కత్తెరతో కత్తిరించాలి. అక్కడినుంచి రెండు మూడు చిగుళ్లు వస్తాయి. ఎప్పటికప్పుడు కత్తిరిస్తూ నాలుగైదు అడుగుల ఎత్తులో ఉంచితే చెట్టు గుబురుగా ఉంటుంది, పెద్దవాళ్లు కూడా నిచ్చెన లేకుండా కోసుకోవచ్చు.

గింజతో పెంచాలంటే వానాకాలంలో పండిన నల్లటి పండ్లు తెచ్చి, గుజ్జు తీసి వెంటనే వేయాలి. నెల రోజులు డబ్బాలో దాచిన గింజ మొలవదు. పిల్లలు తియ్యగా ఉందని ఆ పండు నోట్లో వేసుకుంటారు, గింజ మాత్రం నమలనివ్వొద్దు. పాత చెట్టు చుట్టూ వేరు నుంచి వచ్చే పిలకలను వానలప్పుడు వేరుతో సహా తీసి, కొన్నాళ్లు కుండీలో నీడన ఉంచి, ఆ తర్వాత నేలలో పెట్టుకోవచ్చు. పుట్టింటి చెట్టు పిలక అత్తగారింటికి వెళ్లడం మన ఇళ్లలో మామూలే. ఈ పిలకలు గోడ పక్కన కూడా లేస్తుంటాయి, ఏడాదికి ఒకసారి తవ్వి తీసేయాలి.

రకాల సంగతికొస్తే, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లవి డీడబ్ల్యూడీ-1, డీడబ్ల్యూడీ-2 అని రెండున్నాయి. మొదటిదానికి వాసన ఎక్కువ, కానీ చలికాలంలో చిగురు ఆగిపోతుంది. రెండోది చలికి అంతగా వెనకాడదు. షోలాపూర్, నాందేడ్ వైపు డిసెంబరు, జనవరిలో ఆకు రాక బాధపడేవాళ్లు రెండోదాన్ని చూడొచ్చు. కోయంబత్తూరు వైపు ఎర్రటి ఈనె ఉండే 'సెంగాంబు' రకానికి మంచి పేరుంది. రకం పేరు చెప్పలేని నర్సరీలో మొక్క కొనాల్సి వస్తే ఒక ఆకు నలిపి వాసన చూడండి. నలిపితే వాసన గుప్పుమనని మొక్క పెరిగి పెద్దదైనా అలాగే ఉంటుంది.

నల్లరేగడి నేలల్లో సున్నం ఎక్కువ. అక్కడ లేత ఆకు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. తెగులనుకుని మందు కొడతారు గానీ అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొడితే, పది రోజులకోసారి రెండు మూడు దఫాల్లో పచ్చదనం తిరిగొస్తుంది. పుల్లటి మజ్జిగ పోస్తే కరివేప బాగా వస్తుందని అన్ని రాష్ట్రాల్లోని తెలుగు వాళ్లూ నమ్ముతారు. పోస్తే నష్టం లేదు. అయితే అది ఎరువుకు బదులు కాదు, చివికిన పశువుల ఎరువు ఏడాదికి రెండుసార్లు వేయాల్సిందే. ఉప్పు కలిపిన మజ్జిగ మాత్రం పోయకూడదు.

ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించేది చాలాసార్లు గొంగళి పురుగు. నిమ్మ సీతాకోకచిలుక పిల్ల అది. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి రెండు రోజుల్లో కొమ్మంతా తినేస్తుంది. ఒకటే చెట్టు కాబట్టి చేత్తో ఏరేస్తే చాలు. ఇంకో సంగతి. నిమ్మకు గ్రీనింగ్ తెగులు మోసుకొచ్చే సిల్లా అనే చిన్న పురుగు కరివేప మీద బాగా పెరుగుతుంది. అందుకే నిమ్మ, కరివేప పక్క పక్కన పెట్టొద్దు. పక్కింట్లో నిమ్మ ఉంటే కరివేపను అవతలి వైపు నాటండి.

నేలే లేని ఇళ్లకు, అంటే ముంబయి, చెన్నై అపార్టుమెంట్ల వాళ్లకు, మా జవాబు కూడా కరివేపే. ఒకటిన్నర అడుగుల వెడల్పున్న తొట్టి, రోజుకు అయిదారు గంటల ఎండ ఉంటే చాలు. రెండేళ్లకోసారి తొట్టిలోంచి తీసి, వేళ్లు కొంచెం కత్తిరించి, మట్టి మార్చాలి.

మునగ

ఒకరిని పొగిడి ముంచేయడాన్ని మునగచెట్టు ఎక్కించడం అంటాం. ఆ కొమ్మ ఎంత పెళుసో తెలిసినవాళ్లు పుట్టించిన మాట అది. తమిళనాడులో ఉన్నవాళ్లకు బేతాళుడు మళ్లీ మళ్లీ ఎక్కే చెట్టు కూడా మునగే. చెట్టు మీద పిల్లలను ఎక్కనివ్వకూడదు, ఇంటి ముందు నాటకూడదు అని పెద్దవాళ్లు చెప్పేది దయ్యాల భయంతో కాదు. గాలికి కొమ్మ విరుగుతుంది, వానాకాలం గొంగళి పురుగులు రాలతాయి. ఈ రెండూ గుమ్మం దగ్గర వద్దనే ఆ మాట.

ఈ రెండు తలనొప్పులూ ఒప్పుకుంటే మునగంత తొందరగా చేతికొచ్చే చెట్టు ఇంకోటి లేదు. ఆకు, పువ్వు, కాయ మూడూ కూరకే. ఆషాఢంలో మునగాకు వండుకునే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఒడిశాలో ఉన్నవాళ్లకు సజనా ఆకు కూర, కర్ణాటకలో ఉన్నవాళ్లకు నుగ్గె సొప్పు, తమిళనాడులో ఉన్నవాళ్లకు మురుంగై కీరై కూడా వంటింట్లో కలిసిపోయాయి.

పెంచే పద్ధతులు రెండు. పాత పద్ధతి కొమ్మ పాతడం. మూడు నాలుగు అడుగుల పొడవు, మణికట్టు లావు ఉన్న కొమ్మను తెచ్చి అడుగు లోతులో పాతితే పట్టుకుంటుంది. అలా పెరిగే చెట్టు ఏళ్ల తరబడి ఉంటుంది, కాయ రుచి కూడా ఏ చెట్టు కొమ్మ తెచ్చామో ఆ రుచే. కొత్త పద్ధతి గింజ వేయడం. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పెరియకులం ఉద్యాన కళాశాల నుంచి వచ్చిన పీకేఎం-1 రకం గింజ వేసిన ఆరు నెలల్లో పూతకొస్తుంది. కాయ రెండడుగులు పైనే ఉంటుంది. కర్ణాటకలో బాగల్‌కోట్ ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ల 'భాగ్య' రకం కూడా గింజతో పెంచేదే. గింజ మునగ కాపు రెండు మూడేళ్ల తర్వాత తగ్గుతుంది, అప్పుడు కొత్త గింజ వేసుకోవాలి. ఇల్లు మారే అవకాశం ఉన్నవాళ్లకు గింజ మునగ, స్థిరపడినవాళ్లకు కొమ్మ మునగ మంచివని మా ఉద్దేశం.

మొక్క రెండున్నర, మూడు అడుగులు కాగానే తల తుంచాలి. లేకపోతే తాడిచెట్టులా పైకి పోయి, కాయ పక్కింటి డాబా వాళ్లకే అందుతుంది. కాపు అయిపోయిన ప్రతిసారీ నేలకు మూడడుగుల ఎత్తులో కొట్టేస్తే మళ్లీ చిగురించి అందే ఎత్తులో కాస్తుంది. ఇలా కొట్టడానికి చేయి రాని ఇళ్లలో మునగ పెట్టకపోవడమే నయం.

గొంగళి పురుగులు రాత్రి ఆకు తిని పగలు మొదలు మీద గుంపుగా చేరతాయి. వాటిని కాగడాతో కాల్చే పద్ధతి ఒకటుంది. బెరడు కూడా కాలుతుంది కాబట్టి మేము దాన్ని సిఫారసు చేయం. చేతికి తొడుగు వేసుకుని, పాత చీపురుతో సబ్బు నీళ్ల బకెట్‌లోకి ఊడ్చేయడం సులువు. ఆ వెంట్రుకలు ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి. పిల్లలను దూరంగా ఉంచాలి.

మునగకు నీరు నిలవకూడదు. యానాం, బరంపురం వైపు పల్లపు పెరళ్లలో ఒక అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ వేసి దాని మీద నాటితేనే వానాకాలం దాటుతుంది.

ఉసిరి అడిగేవాళ్లకు

కార్తీకం కోసం ఉసిరి కోరుకునే ఇళ్లు ఎక్కువ. ఒక్క చెట్టుకే చోటున్న పెరట్లో దీని చిక్కు వేరే. ఉసిరి తన పుప్పొడితో తను సరిగా కాయదు. పక్కన ఇంకో రకం ఉసిరి ఉండాలి. చెట్టు బ్రహ్మాండంగా పెరిగి, పూత పూసి, కాయ నిలవక రాలిపోయే ఇళ్లలో చాలావరకు జరిగేది ఇదే. నేల మంచిది కాదనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. తోటల్లో అందుకే చకయ్య, ఎన్ఏ-7, కృష్ణ లాంటి రకాలు కలిపి వేస్తారు. ఇరుగు పొరుగు మాట్లాడుకుని ఒకరు ఎన్ఏ-7, ఒకరు చకయ్య పెట్టుకుంటే ఇద్దరికీ కాయలు. తేనెటీగకు ప్రహరీ గోడ అడ్డం కాదు. అలా కుదరకపోతే రాచ ఉసిరి పెట్టుకోవచ్చు. తమిళంలో అరినెల్లి అంటారు. గుత్తులు గుత్తులుగా, ఒంటి చెట్టుకే కాస్తుంది, చెట్టు కూడా చిన్నది. పచ్చడికి బాగుంటుంది. దీపానికి మాత్రం ఆ కాయ పనికి రాదు.

జామ, నిమ్మ, మామిడి

పిల్లలున్న ఇంటికి జామ మంచి ఎంపిక. గట్టిగా కత్తిరించినా ఓర్చుకుంటుంది, అంటు మొక్క రెండేళ్లకు కాస్తుంది. లక్నో-49 రకం అన్నిచోట్లా దొరుకుతుంది. పేరు లక్నోది అయినా ఎంపిక చేసింది పుణె గణేశ్‌ఖిండ్ తోటలో. లోపల ఎర్రగా ఉండేది కావాలంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క కిరణ్ ఉంది. వానాకాలం కాయలో పండు ఈగ పురుగు ఎక్కువ. ఆ కాపును పిందెగా ఉన్నప్పుడే తీసేసి చలికాలం కాపు ఉంచుకుంటే పండు తియ్యగా, పురుగు లేకుండా వస్తుంది. కొనేటప్పుడు వేరు చూడండి, బుడిపెలు ఉంటే వద్దు. ఆ నులిపురుగు మన నేలలోకి వస్తే మళ్లీ పోదు.

నిమ్మకు ముళ్లు ఉన్నాయి, గజ్జి తెగులు ఉంది. అయినా ఇష్టమైతే తిరుపతి పరిశోధన స్థానం వాళ్ల బాలాజీ రకం గజ్జిని తట్టుకుంటుంది. మహారాష్ట్రలో రాహురి విశ్వవిద్యాలయం వాళ్ల సాయి శర్బతి దొరుకుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఇంట్లో నిమ్మ వద్దు.

మామిడి మీద మనవాళ్లకు ఉన్న ప్రేమ వేరే చెప్పనక్కర్లేదు. కానీ పది అడుగుల పెరట్లో బంగినపల్లి నాటడం మేము మెచ్చుకోం. కృష్ణగిరి, కోలారు వైపు ఎండాకాలంలో పండు చవగ్గానే దొరుకుతుంది. దాని కోసం పెరడంతా ఇవ్వడం దేనికి? మామిడే కావాలని పట్టుబట్టేవాళ్లు ఆమ్రపాలి చూడండి. దశేరి, నీలం కలిపి ఢిల్లీలో తయారుచేసిన పొట్టి రకం. ఏటా కాస్తుంది, ఒడిశాలో బాగా స్థిరపడింది. పండు చిన్నది, గుజ్జు ముదురు రంగు. ఆవకాయకు మాత్రం పనికి రాదు, దానికి కాయ బజారునుంచే తెచ్చుకోవాలి. టెంక పాతి పెంచిన మామిడి తల్లి చెట్టు పండు ఇవ్వదన్నది అందరికీ తెలిసిందే అయినా, ఊరినుంచి తెచ్చిన టెంక పాతడం మానేవాళ్లు కనబడరు.

వేప సంగతి ఒక మాటలో. ఉగాది పచ్చడికి పువ్వు కావాలంటే వీధికి ఒక్క వేప చాలు, ఇంటికొకటి అక్కర్లేదు.

తీరం వాళ్ల లెక్క వేరు

1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుఫానును యానాం ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా తేదీతో సహా చెబుతారు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ ఇటు ఉద్దానం కొబ్బరిని, అటు గంజాం, గజపతి జిల్లాల తోటలను నేలకూల్చింది. ఈ తేదీలన్నీ అక్టోబరు, నవంబరులే. కాబట్టి బరంపురం, యానాం ఇళ్లలో చెట్టు ఏదైనా సెప్టెంబరులో తల తగ్గించి, ఎండు కొమ్మలు తీసేయడం పద్ధతిగా పెట్టుకోవాలి. గాలికి దారిచ్చే చెట్టు నిలుస్తుంది, గుబురుగా ఉన్నది వేరుతో లేస్తుంది.

కొబ్బరి వేరు గోడను పెద్దగా ఇబ్బంది పెట్టదు, ఉప్పు నీటిని ఓర్చుకుంటుంది. యానాంలో పెరడు పెద్దదైతే అదే సహజమైన చెట్టు. అయితే 2016లో పొల్లాచి వైపు మొదట కనబడిన సర్పిలాకార తెల్లదోమ ఇప్పుడు తీరమంతా ఉంది. ఆకు అడుగున తెల్లటి బూజులా పట్టి, కింద ఉన్న వాటన్నిటి మీదా జిగురు కార్చి, దాని మీద నల్లటి మసి పేరుకుంటుంది. చెట్టు చావదు గానీ కింద బట్టలు ఆరేసుకోలేం. నీళ్లు గట్టిగా కొట్టి కడగడమే ఇంటి చెట్టుకు మంచి వైద్యం, మందు కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు కూడా పోతాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉండి, కొబ్బరికి చోటు లేని ఇంటికి సపోటా సరిపోతుంది.

నర్సరీలో ఏ పేరుతో అడగాలి

ఇది చిన్న సంగతి అనిపిస్తుంది గానీ తప్పు మొక్క ఇంటికి రావడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఒడియాలో 'నిమ' అంటే వేప, నిమ్మను 'లెంబు' అంటారు. బరంపురంలో తెలుగు రాని నర్సరీ మనిషిని నిమ్మ అడిగితే వేప మొక్క చేతిలో పెట్టవచ్చు. మహారాష్ట్రలో ఇంకా తికమక. 'కడులింబ' వేప, 'గోడనింబ' కరివేప, 'లింబు' నిమ్మ. కన్నడంలో 'బేవు' వేప, 'కరిబేవు' కరివేప, 'నింబె' నిమ్మ, కాబట్టి మనకు కొంచెం సులువు. మునగను కన్నడంలో నుగ్గె, తమిళంలో మురుంగై, ఒడియాలో సజనా, మరాఠీలో శేవగా అంటారు. జామ కన్నడంలో సీబె, తమిళంలో కొయ్యా, ఒడియాలో పిజుళి. మరాఠీలో జామకు 'పేరు' అని పేరు. షోలాపూర్‌లో తెలుగు బడి లేని పిల్లలకు ఈ ఒక్క మాటతోనే రెండు భాషలూ నేర్పవచ్చు. చెట్టుకు ఇంటి పేరు ఒకటి, బజారు పేరు ఒకటి ఉన్నాయని పిల్లలకు తెలిసేది పెరట్లో ఆ చెట్టు ఉన్నప్పుడే.

కోనోకార్పస్ అనే మొక్కను 'తొందరగా పెరుగుతుంది, నీడనిస్తుంది' అని అంటగడితే మాత్రం తీసుకోవద్దు. వేళ్లు గొట్టాల్లోకి దూరుతాయనీ, పుప్పొడి ఊపిరికి పడదనీ తెలంగాణ, గుజరాత్ ప్రభుత్వాలు దాన్ని నాటొద్దన్నాయి.

నాటడం

కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశా, యానాంలలో తొలకరి వానలు రెండు పడ్డాక, జూన్ చివర, జూలైలో నాటాలి. తమిళనాడు తీరంలో, మదురై వైపు వానలు అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి సెప్టెంబరు చివర్లో గుంత సిద్ధం చేసుకోవాలి. గుంత పొడవు, వెడల్పు, లోతు రెండేసి అడుగులు. మామిడికి మూడు. తవ్విన మట్టిలో పై పొర మట్టిని వేరుగా పెట్టి, దానికి పది కిలోల చివికిన పశువుల ఎరువు, కిలో వేప పిండి కలిపి నింపాలి. నల్లరేగడి అయితే మూడో వంతు ఎర్రమట్టి కలపాలి, మొక్కను చుట్టూ నేల కంటే ఒక జానెడు ఎత్తులో పెట్టాలి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, నెర్రె పడినప్పుడు లేత వేరు తెగుతుంది. పాదులో ఎండుటాకు, గడ్డి మందంగా పరిస్తే ఆ నెర్రెలు చాలావరకు తగ్గుతాయి.

అంటు మొక్క అయితే అంటు కట్టిన చోటు మట్టి పైన ఉండాలి, దాని కింద నుంచి వచ్చే చిగురు ఎప్పటికప్పుడు తుంచేయాలి. కర్ర పాతి వదులుగా కట్టాలి. మొదటి ఎండాకాలం వారానికి రెండుసార్లు పాదు నిండా నీళ్లు ఇవ్వాలి. రోజూ ఒక చెంబు పోయడం కంటే అది మేలు, వేరు లోపలికి దిగుతుంది. బియ్యం కడిగిన నీళ్లు పోయొచ్చు, సబ్బు నీళ్లు వద్దు. వీధి వైపు గేటు తీసి ఉంచే ఇంట్లో మేకలు ఉన్న వీధైతే మొక్క చుట్టూ ఛాతీ ఎత్తు ముళ్లకంప గానీ ఇనుప జాలీ గానీ కట్టాక మిగతా పని చూసుకోవాలి.